ఎవరో మెకానిక్

గోళ్ల కింద నలుపు పోవడానికి ఆమె అంట్ల సబ్బులో కాస్త పంచదార కలిపి రుద్దుకుంటుంది. ఇంట్లో వాళ్లు లేవకముందే ఆ పని అయిపోవాలి. ఆ తర్వాతే పొయ్యి వెలిగించడం, డబ్బాలు సర్దడం, భర్త చొక్కా ఇస్త్రీ చేయడం. ఎంత రుద్దినా బొటనవేళ్ల అంచున సన్నటి గీత మిగిలిపోతుంది. ‘నువ్వు వడ్డించకులేమ్మా, నేనే పెట్టుకుంటాను’ అని అత్తగారు ఒకసారి చుట్టాల ముందు అన్నది. మెత్తగానే అన్నది. ఆ మెత్తదనానికి ఆమె చెవులు కాలిపోయాయి. పెళ్లికి ముందునుంచీ కార్ల షెడ్డులో మెకానిక్‌గా పనిచేస్తున్న సంగతి దాచిపెట్టి చేసుకున్న పెళ్లేం కాదు. అయినా భర్త, ‘ఎవరైనా అడిగితే షోరూంలో లెక్కలు చూస్తానని చెప్పు. అదీ కార్ల పనే కదా’ అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వునే అతను ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చినా షెడ్డు దాకా రాడు, వీధి మలుపులో ఆగుతాడు. అందుకే షెడ్డులో అతన్ని చూసినవాళ్లు లేరు.

ఆ రోజు ఇన్‌టేక్ మానిఫోల్డ్ మార్చే పని వచ్చింది. ఇంజనులోకి గాలి తీసుకెళ్లే గొట్టాల కూర్పు అది. బండితో వచ్చిన ప్లాస్టిక్‌ది తీసేసి, బయట కొన్న అల్యూమినియంది బిగించాలి. గాలి బాగా అందితే బండికి ఊపొస్తుందని కుర్రవాళ్లకు దానిమీద మోజు. కానీ స్టీరింగు దగ్గర్నుంచి దిగినాయన జుట్టు నెరిసిన మనిషి. కొత్త మానిఫోల్డ్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నది ఆమె భర్త.

భర్త ఆమెను చూశాడు. చూసి, గోడ మీది టైర్ల బొమ్మ వైపు తిరిగాడు.

“పని చేసేది నువ్వేనా అమ్మా?” అన్నాడు పెద్దాయన. ఫోన్లో చాలాసార్లు విన్న గొంతు. భర్త ఆఫీసు మేనేజరు.

“నేనే సార్.”

ఆయన భర్త వైపు చూశాడు. “ఏమంటావోయ్?”

భర్త గొంతు సవరించుకున్నాడు. “కొంచెం జాగ్రత్తగా చెయ్యమ్మా. సారుకి ఈ బండంటే ప్రాణం.”

చెయ్యమ్మా. దారిన పోయే మనిషిని పిలిచినట్టు పిలిచాడు. ఆమెను అంతకంటే కుంగదీసింది తన జవాబు.

“అలాగే సార్” అంది. తడుముకోకుండా అంది.

బ్యాటరీ తీగ ఊడదీసి, గొట్టాలకు గుర్తులు అంటించి, పెట్రోలు పైపును పక్కకు జరిపి, పాత మానిఫోల్డును పైకి తీసింది. ఇంజను పక్కన రంధ్రాలు నోళ్లు తెరిచినట్టు బయటపడ్డాయి. చిన్న నట్టు జారి లోపల పడినా ఇంజను పాడైపోతుంది. వాటిలో శుభ్రమైన గుడ్డలు కుక్కి, అతుకులో గాలి చొరబడకుండా వేసిన, ఇప్పుడు అంటుకుపోయిన పాత గ్యాస్కెట్‌ను గీకుతూ కూర్చుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మనసు మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. అతనికి సిగ్గుగా ఉంటే ఉండనీ, నేనెందుకు సాయపడ్డాను? మొగుణ్ని సారూ అనడానికి నోరెలా వచ్చింది? ఎవరూ నేర్పలేదే. లేదు, ఇన్నాళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నాను కాబోలు. చుట్టాలొస్తే వంటింట్లోకి తప్పుకోవడం, పెళ్లిళ్లలో పైటచెంగు కింద చేతులు పెట్టుకోవడం, లెక్కల గురించి ఎవరైనా అడిగితే మాట మార్చడం. అతను దాచమన్నది కొంచెమే. మిగతాదంతా నేనే దాచాను.

గుడ్డలు తీసి, కొత్త గ్యాస్కెట్ అమర్చింది. మొదటి బోల్టులు ఎక్కేదాకా మానిఫోల్డును ఒకరు పట్టుకోవాలి. “సార్, కాస్త పట్టుకుంటారా?” అని భర్తనే అడిగింది. అతను తన చొక్కా వైపు చూసుకున్నాడు. మేనేజరే చొక్కా చేతులు పైకి మడుచుకుని ముందుకొచ్చి, “ఇలాగేనా అమ్మా?” అంటూ పట్టుకున్నాడు. ఆమె మధ్య బోల్టుల నుంచి అంచులకు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చింది. తల ఎత్తలేదు.

స్టార్ట్ చేయగానే ఎక్కడో బుస్సుమంది. ఇంజను ఊగిసలాడింది.

“వేరే చోటికి వెళ్దామన్నాను కదా సార్” అన్నాడు భర్త.

ఆమె ఇంజను ఆపి వెతికింది. ఒక సన్నగొట్టం క్లిప్పు వదులుగా ఉంది. బిగించడం తనే మర్చిపోయింది. ఎప్పుడూ జరగని పొరపాటు, జరగక జరగక ఇతని ముందే జరిగింది. “నాదే తప్పు సార్” అని మేనేజరుకు చెప్పి సరిచేసింది. ఈసారి ఇంజను ఒక్క తీరుగా మోగింది.

మేనేజరు చిన్నపిల్లాడిలా ఆక్సిలరేటరు నొక్కి నొక్కి చూసుకున్నాడు. ఆ సంతోషంలో భర్త భుజం తట్టాడు. “ఆదివారం మా ఇంటికి భోజనానికి రావోయ్. మీ ఆవిడనూ తీసుకురా. ఇన్నేళ్లయింది, ఒక్కసారైనా చూపించలేదు.”

“తను రాదు సార్” అన్నాడు భర్త. “నలుగురిలోకి రావాలంటే సిగ్గు.”

అది అబద్ధం కాదు. అందుకే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ ఆ సిగ్గు తనతో పుట్టింది కాదు. రోజుకింతని ఇంట్లో వాళ్లు పెడుతూ వచ్చారు, తను కడుపునిండా తింటూ వచ్చింది. ఇప్పుడు అదే తన గుణమైపోయింది, పక్కన నిలబడ్డ మనిషి నోట తన గురించి చెప్పుకోదగ్గ ఒకే ఒక్క సంగతి అయిపోయింది.

స్పానర్ కింద పెట్టింది. తల ఎత్తింది.

“ఏమండీ, ఆదివారం నాకు షెడ్డు సెలవే కదా. వెళ్దాం” అంది భర్తతో.