మంచె కింది నేల

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. రాత్రంతా కురిసిన మబ్బు ఇంకా చెట్ల తలలను ఆనుకునే ఉంది. సావాంగ్ గూటి కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు. చెట్ల మీద గూళ్లు కట్టుకునే ఒరాంగుటాన్లు నిద్ర లేవగానే చేసే మొదటి పని దొడ్డికి పోవడం. ఇరవై రెండేళ్లుగా ఆయన పొద్దు ఆ చప్పుడుతోనే మొదలవుతోంది.

పైన ఆకులు కదిలాయి. పట్టా మీద పెంట పడింది. తల్లిది. పలచగా ఉంది. దాని వెనకే చిటికెడంత పిల్లది పడాలి. మెడ నొప్పెట్టేదాకా చూశాడు. పడలేదు. నిన్నా పడలేదు. ఇవాళ పిల్ల దగ్గు కూడా వినిపించలేదు.

పుల్లతో పెంట కాస్త తీసి సీసాలో వేసి, మూత బిగించి, పైన ‘మింటిన్’ అని రాశాడు. పిల్లకు పేరు లేదు. ఏడాది నిండేదాకా పేరు పెట్టకూడదని ఒరాంగుటాన్లను సాకే ఆ శిబిరంలో నియమం. ఇంకో నెల ఉంది.

ఆయిల్‌పామ్ తోట కోసం అడవి నరికినచోట దొరికినప్పుడు మింటిన్ చంకలో పట్టేంత ఉండేది. సావాంగ్, ఆయన భార్య కమెలో మూడేళ్లు చెరో పూట దాన్ని వీపున మోశారు. వాళ్లకు పిల్లలు లేరు. ఊళ్లో మనిషిని పెద్దబిడ్డ పేరుతోనే పిలుస్తారు. పిల్లలు లేనివాణ్ణి ఏమని పిలవాలి? పడవల రేవులో ఎవడో “ఏం మింటిన్ నాయనా, అల్లుణ్ణి చూశావా? ఒళ్లంతా బొచ్చేనటగా!” అన్నాడు. అందరూ నవ్వారు. సావాంగ్ కూడా నవ్వాడు. కొన్నాళ్లకు నవ్వడం మానేశారు గానీ పేరు పోలేదు. ఓటరు కార్డులో తప్ప ఆయనిప్పుడు ఎక్కడా సావాంగ్ కాదు.

మేత మంచె దగ్గరకు వచ్చేసరికి వెనింగ్ డాక్టరమ్మ ముందే ఉంది. జావా దీవి నుంచి జంతువుల వైద్యానికి వచ్చిన అమ్మాయి. జలగల భయానికి ప్యాంటు మేజోళ్లలోకి దోపుకుంటుంది. ఆమె చూస్తోందని సావాంగ్ కుంటకుండా నడిచాడు.

“మీ మనవడికి మందు తెచ్చా, మింటిన్ నాయనా. చుక్కల మందు. మీ కూతురు దగ్గరికి రానిస్తుందా?”

“నన్ను రానిస్తుంది.”

“అబ్బో, అదేగా మీ గొప్ప!” అని నవ్వి, అంతలోనే ఆపేసింది. “ఒక్కటే అంతుబట్టట్లేదు. ఈ పేగు పురుగు పిల్లలు తడి నేలలో ఉంటాయి. చర్మంలోంచి దూరి, నెత్తుట్లో పడి, ఊపిరితిత్తులకు పోతాయి. తల్లికి పడితే బిడ్డకూ తప్పదు. మిగతావాటికి కాస్తో కూస్తో ఉన్నాయి. మింటిన్ పెంటలో మాత్రం కుప్పలు. మంచె మీద తిని చెట్టు మీద పడుకునేదానికి నేలతో పనేంటి?”

సావాంగ్ బుట్టలో అరటిపళ్లు అటూ ఇటూ సర్దాడు. “ఏమోనమ్మా,” అన్నాడు.

మంచె రెండు నిలువుల ఎత్తు. పన్నెండు మెట్ల నిచ్చెన. రెండేళ్ల కిందట పడవకూ గట్టుకూ మధ్య నలిగి కుడి మోకాలు చెడింది. చెబితే ఇంటికి పంపేస్తారని చెప్పలేదు. అప్పట్నుంచి మిగతావాటికి కింది నుంచే పళ్లు మంచె మీదికి విసిరేవాడు. మింటిన్‌ని మాత్రం కిందికి పిలిచి చేతికిచ్చేవాడు. ఎండ పడని ఆ నిచ్చెన మొదట్లో, తొక్కలూ పెంటా కుళ్లిన బురదలో, పిల్లను పొట్టకు కరిపించుకుని కూర్చుని తినేది. ఆయన పక్కనే కూర్చునేవాడు. రోజు మొత్తంలో ఆయనకు బాగుండేది ఆ కాసేపే.

కొమ్మలు ఊగాయి. మింటిన్ మంచె వైపు చూడనైనా లేదు. తిన్నగా కిందికి దిగి, ఎప్పటి చోటనే కూర్చుంది. పిల్ల తల్లిని పట్టుకుని లేదు. తల్లే ఒక చేత్తో పిల్లను పట్టుకుంది. పిల్ల తల వెనక్కి వాలిపోయింది. కళ్ల మీద ఈగలు వాలినా రెప్ప కదలట్లేదు. మింటిన్ రెండో చేయి సావాంగ్ వైపు చాపింది.

డాక్టరమ్మ పిల్లను చూసింది. తర్వాత తల్లి కూర్చున్న చోటు చూసింది. కూర్చుని కూర్చుని అక్కడ నేల గుంట పడింది.

“ఎన్నాళ్ల నుంచి?”

“రెండేళ్లు. మోకాలు... ఎక్కలేక. నేనే కిందికి అలవాటు చేశానమ్మా.”

సావాంగ్ బుట్ట వీపుకు తగిలించుకుని నిచ్చెన పట్టుకున్నాడు. ఐదో మెట్టు మీద మోకాలు కలుక్కుమంది. ఆగి, మళ్లీ ఎక్కాడు. పైన అరటిపళ్లు పరిచి, “ఇక్కడికి రా తల్లీ,” అన్నాడు.

మింటిన్ కింది నుంచి ఆయన్ను చూసింది. చాపిన చేయి కాసేపు అలాగే ఉంచి, వెనక్కి తీసుకుంది. పిల్లను భుజాన వేసుకుని పక్క చెట్టు ఎక్కింది. మంచె మీదికి రాలేదు. కొమ్మల చప్పుడు ఏటి వైపు పోయి పోయి, ఇక వినపడలేదు.

మధ్యాహ్నం సావాంగ్, డాక్టరమ్మ పడవలో కూర్చుని అన్నం మూట విప్పారు. కమెలో ఇద్దరికీ సరిపడా కట్టింది. అన్నం, పేము చిగుళ్ల కూర, పొగబెట్టిన చేప. రేపు పనికి రమ్మంటుందో వద్దంటుందో సావాంగ్ డాక్టరమ్మను అడగలేదు. డాక్టరమ్మ చేప ముల్లు తీసి, సగం ఆయన వైపు జరిపింది. ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు. మూట అడుగున వేలెడంత ఆకు పొట్లం ఒకటి ఉంది. పిల్లకు మందు కలిపి పెట్టమని కమెలో మెదిపి పంపిన చిలగడదుంప. కట్టు విప్పని ఆ పొట్లం ఇద్దరి మధ్యా పడవ చెక్క మీద అలాగే ఉండిపోయింది.