ఆరింటికి వెనక్కి తిరిగే పార్కు

ఎడమ కాదు బిడ్డా, కుడి. కొట్టేసి కుడి అని రాయి. నాకు పడిపోయింది కుడి చెయ్యి, కుడి కాలు. అక్కడ తప్పు పోతే మిగిలిందంతా తప్పే అవుతుంది. నా మాట నెమ్మది కాబట్టి నీకు రాయడం సులువే. నా యాసను నీ పుస్తకాల తెలుగులోకి దిద్దుకుంటే దిద్దుకో మౌనికా. కాని ఎవరు ఎవరితో ఏమన్నారో అది మాత్రం వాళ్ళ నోట వచ్చినట్టే ఉండాలి.

కొత్తపేట పండ్ల మార్కెట్లో ముప్పై ఏళ్ళు హమాలీ పని చేశాను. మామిడి, బత్తాయి, ఏ కాలానికి ఆ బరువు. ఈ ఏడు మాఘమాసంలో ఒక పొద్దున చాయ్ గ్లాసు చేతిలోంచి జారింది. తీసుకుందామంటే చెయ్యి కదలలేదు. మీ నానమ్మను పిలుద్దామంటే నోరు రాలేదు. దవాఖానలో ఇరవై రోజులు ఉంచారు. మాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. ఇంటికి పంపేటప్పుడు కసరత్తు చేయించే డాక్టర్ నా కాలు పట్టుకొని చెప్పాడు.

"ఆర్నెల్లే టైం, పెద్దాయనా. గీ ఆర్నెల్లల్ల ఎంత నడుస్తే అంత ఒస్తది. తర్వాత కాలు ఎట్లుంటే అట్లనే ఉంటది."

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. బాత్రూంకి నా అంతట నేను పోవాలి. నా నీళ్ళు నేను పోసుకోవాలి. వందల బుట్టలు మోసిన మనిషిని ఇంకొకరు మోయడం ఎట్లా ఉంటుందో నీకు తెలియదు, తెలియకూడదు కూడా. నా బరువంతా మీ నానమ్మ భుజం మీద పడేది. ఆమె నడుము ముందే అంతంత మాత్రం.

కర్ర కొన్నారు. గల్లీలో రెండో రోజే కర్ర జారి మ్యాన్‌హోల్ మూత మీద పడ్డాను. దాంతో భయం పట్టుకుంది. మంచం దిగలేదు. ఆరు నెలల్లో మూడు నెలలు అట్లా పోయాయి.

మన పార్కు కాపలాదారు మట్టయ్య నన్ను చూడడానికి వచ్చాడు. వాడిది మన పక్క ఊరే.

"ఏందే లచ్చన్నా, మంచానికి కిరాయి కడ్తున్నవా? పార్కుకు రా. నడిమిట్ల పిల్లలు ఆడుకునే జాగ చుట్టూ ఇనుప పైపున్నది. అది పట్టుకోని తిరుగు. పైపు కర్ర లెక్క జారదు."

పార్కు అంటే నీకు తెలుసు కదా, మెట్రో స్తంభాల వెనక రెండో గల్లీ. మనం ఇక్కడికి వచ్చిన కొత్తలో అది చెత్త పోసే జాగా. బల్దియావాళ్ళు గోడ కట్టారు, మొక్కలు పెట్టారు, నడవడానికి బాట వేశారు. పొద్దున ఐదింటికి తీసి తొమ్మిదింటికి తాళం వేస్తారు. సాయంత్రం మళ్ళీ తీస్తారు గాని, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు స్కేటింగ్ నేర్పేది ఆ బాట మీదే. అందుకని నాకు పొద్దుటి పూటే గతి.

మొదటి రోజు మీ నానమ్మ పట్టుకొని తీసుకుపోయింది. పైపు బాటకు లోపలి పక్కన ఉంది. బయటి పక్కన ముళ్ళ చెట్ల వరుస. నేను ఎడమ చేత్తో పైపు పట్టుకున్నాను. అట్లా పట్టుకుంటే నా ముఖం ఎటు ఉంటుందో అటే కదా నడవాలి. పది అడుగులు వేశాను. ఎదురుగా నలభై మంది వస్తున్నారు. అందరూ ఒకే వైపు తిరుగుతున్నారు, గుడి చుట్టూ తిరిగినట్టు. నేనొక్కణ్ణే వాళ్ళకు అడ్డం.

ఒకాయన ఆగాడు. తెల్ల బనీను, మెడలో ఈల. కరెంటు ఆఫీసులో చేసి రిటైరయిన వెంకటేశ్వరరావుగారు, అక్కడ నడిచేవాళ్ళ సంఘానికి కార్యదర్శి.

"పెద్దాయనా, బోర్డు చూళ్ళేదాండీ? ఇటువైపు నుంచే నడవాలి."

"మాకు సదువు రాదు సారు," అంది మీ నానమ్మ.

"చదువెందుకమ్మా, బాణం గుర్తుంది కదా. పోయినేడు ఇద్దరు ఎదురెదురు గుద్దుకుని ఒకాయనకి పన్ను ఊడింది. అప్పట్నుంచీ ఇదే రూలు."

సరే అని వెనక్కి తిరిగాను. అప్పుడు పైపు కుడి చేతి వైపు వచ్చింది. ఆ చెయ్యి పైపు మీద పెడితే తడి గుడ్డ ఆరేసినట్టు వేలాడింది. మళ్ళీ ఇటు తిరిగాను. అప్పుడు ఆయన భార్య శేషారత్నమ్మగారు ముందుకు వచ్చింది. ఆమె కోపంగా ఏమీ అనలేదు. నా మంచి కోసమే అన్నది.

"అన్నయ్యగారూ, అలా అపసవ్యంగా తిరక్కూడదండీ. అలా తిరిగేది ఎక్కడో మీకూ తెలుసు కదా. అసలే ఒంట్లో బాగోలేని మనిషి."

ఆ మాటతో మీ నానమ్మ ముఖం తెల్లబోయింది. స్మశానంలో కుండ పట్టుకొని తిరిగేది అట్లాగే. నన్ను అక్కణ్ణుంచే ఇంటికి మళ్ళించింది. వచ్చాక అంది, "నువ్వు నడువకున్నా మంచిదే. నేను మోస్తా. గట్ల మాత్రం తిరగొద్దు."

"నువ్వెన్ని దినాలు మోస్తవే?"

"నాకు సాతనైనన్ని దినాలు."

"తర్వాత?"

ఆమె లేచి నడుముకు గుడ్డ బిగించి కట్టుకుంది. అట్లా ఇంకో పదిహేను రోజులు పోయాయి.

ఒక సోమవారం నేనే పట్టుబట్టాను. వార్డు ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారని మట్టయ్య చెప్పాడు. బయటి పక్కన కూడా ఒక పైపు వేయించమని అడుగుదామని ఆటోలో పోయాం. అక్కడ కుసుమకుమారి అని మేడం ఉంది. మీ అమ్మ వయసు ఉంటుంది. వరుసలో నిలబడ్డ నన్ను ముందు కూర్చోబెట్టింది. నాకు ఒక్కో మాటకు ఒక్కో నిమిషం పట్టింది. పెన్ను కింద పెట్టి అంతా విన్నది.

"తాతా, పైపుకు కొలతలు తీయాలె, పైకి పంపాలె, మంజూరు కావాలె. అబద్ధం చెప్ప, ఆర్నెల్లు పడ్తది."

"నాకు రెండు నెల్లే ఉన్నది మేడం."

ఆమె కాగితం పక్కకు జరిపింది. "ఉన్న పైపే పట్టుకోని నడువొచ్చు కదా?"

"మీ బోర్డు ఒద్దన్నది."

"మా బోర్డా?" అంది. "మేం గసొంటి బోర్డు పెట్టినట్టు నాకు యాదికి లేదే. రేపు పొద్దుగాల్ల నేనే ఒస్తా. మీరు కూడా రండి."

చెప్పినట్టే వచ్చింది, ఆరు కొట్టకముందే. స్కూటీ గేటు దగ్గర పెట్టి ముందు మట్టయ్య రిజిస్టరు చూసింది, కుళాయి తిప్పి చూసింది, కసరత్తు సామాన్లలో విరిగినదాని ఫోటో తీసుకుంది. తర్వాత బోర్డు దగ్గరికి పోయి వంగి అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివింది. అది బల్దియా బోర్డు కాదు. నడిచేవాళ్ళ సంఘం రాయించుకున్నది. బల్దియా బోర్డు గేటు పక్కన వేరే ఉంది. పూలు తెంపొద్దు, కుక్కల్ని తేవొద్దు అని ఉంది గాని, ఎటు తిరగాలో అందులో లేదు. రెండూ ఆకుపచ్చ రంగే. అందుకని చదువు వచ్చినవాళ్ళు కూడా ఇన్నాళ్ళూ అది సర్కారు రూలే అనుకున్నారు.

నడిచేవాళ్ళందరూ చుట్టూ చేరారు. కుసుమకుమారి మేడం మెల్లగానే చెప్పింది. "సార్, ఇది అందరి పార్కు. తాత ఎటన్నా నడువొచ్చు. కావాలంటే బోర్డు ఇప్పుడే తీయిస్తా."

వెంకటేశ్వరరావుగారి ముఖం ఎర్రబడింది. "తీయించండి. ఎవరికి పన్నూడినా మీరే చూసుకోండి మరి. ఒక్కరి కోసం నలభై మంది ఇబ్బంది పడాలాండీ?"

ఆయన మాటలో కూడా న్యాయం ఉంది బిడ్డా. నేను ఎదురు నడిస్తే ఎవరో ఒకరు నన్ను గుద్దుకుంటారు, ఇద్దరం పడతాం. నేను చెయ్యి ఎత్తాను. నాకు మాట వచ్చేదాకా అందరూ ఆగారు.

"తీయించకు మేడం," అన్నాను. "సారు రూలు మంచిదే. మా మార్కెట్ల గూడ ఒక రూలున్నది. మోత మీదున్నోడు 'బరువు, బరువు' అని ఒర్రుకుంట ఒస్తడు. షావుకారైనా సరే, పక్కకు జరగాలె. ఎందుకంటే మోత మీదున్నోడు ఆగలేడు, మళ్ళలేడు. ఉత్త చేతులోడు మళ్ళగలడు. గంతే."

ఇంతకంటే ఏమీ చెప్పలేదు. ఇంకా చెప్పాలని ఉన్నా నోరు అలిసిపోయింది. మీ నానమ్మ నా చొక్కా పట్టుకొని, పోదాం పా అన్నట్టు లాగింది.

అప్పుడు శేషారత్నమ్మగారు భర్తను అడిగింది. "ఏవండీ, మనం రోజూ తిరుగుతున్నాం కదా, మధ్యలో ఏముంది?"

"మధ్యలో ఏముంటుందే? జారుడుబల్ల."

"జారుడుబల్లకి ప్రదక్షిణం ఏంటండీ?" అంది. "దేవుడుంటే అపసవ్యం. నేనే తొందరపడి అన్నాను. ఈయన్ని పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది నా నోరే."

అని చెప్పులు సర్దుకొని, బాణానికి ఎదురు తిరిగి నడవడం మొదలుపెట్టింది. నలుగురు ఆడవాళ్ళు ఆమె వెనక పోయారు. ఒకామె నవ్వుతూ, "సెక్రటరీగారూ, మీరు ఇంట్లో తిరిగినట్టే ఇక్కడా తిరగండి, ఆవిడ వెనకాల," అంది. వెంకటేశ్వరరావుగారు నవ్వలేదు. ఆయన పద్ధతి మనిషి, ఏదైనా రూలుగా ఉండాలి. గడియారం చూసుకొని ఈల తీసి గట్టిగా ఊదాడు.

"అందరూ వినండి. ఐదు నుంచి ఆరు దాకా పాత దిశ. ఆరు నుంచి గేటు మూసే దాకా ఇటు. కలిపి నడవడానికి వీల్లేదు. ఆరింటికి నేను ఈల వేస్తాను, అందరూ ఉన్నచోటే వెనక్కి తిరగాలి."

మర్నాడు బోర్డు మీద రెండో బాణం కూడా గీయించాడు. దాని పక్కన గంటలు రాయించాడు. కుసుమకుమారి మేడం దాన్ని ఫోటో తీసుకొని, మిగతా పార్కుల్లో చూపిస్తానని పోయింది.

అప్పటి నుంచి రోజూ ఆరింటికి ఈల. నలభై మంది ఒక్కసారి వెనక్కి తిరగడం నువ్వు చూడలేదు. ఎంతో కాలంగా వీపులే చూసుకున్నవాళ్ళు, ముందున్నవాడు వెనక, వెనకున్నవాడు ముందు. మొదటి వారం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. తర్వాత అలవాటయింది. నేను అందరితో కలిసి ఒకే వైపు పోతున్నాను. నన్ను దాటిపోయే ప్రతి మనిషీ "లచ్చన్నా, బరువు, బరువు" అని నవ్వి పోయేవాడు.

కాని పైపుకు ఒకచోట సందు ఉంది. పిల్లలు లోపలికి పోవడానికి వదిలినది. నాలుగు అడుగులు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. మొదట్లో మీ నానమ్మ పట్టుకొని దాటించేది. ఆమెకు నడుము పట్టేసిన రోజు నుంచి శేషారత్నమ్మగారు రావడం మొదలుపెట్టింది. ఎక్కడ నడుస్తున్నా నేను సందు దగ్గరికి వచ్చేసరికి నా కుడి పక్కన ఉండేది. చేయి పట్టుకునేది కాదు. తన చెయ్యి నా మోచేతికి జానెడు దూరంలో చాచి ఉంచేది.

"నేను పట్టుకోనన్నయ్యగారూ. పడితే పట్టుకుంటాను."

"నేను పడ్తే ఇద్దరం పడ్తం చెల్లె."

"పడితే పడదాం. మా ఆయన ఈల వేస్తాడు లెండి."

యాభై రోజులు అట్లా నడిచాను. రోజుకు రెండు చుట్లు, తర్వాత నాలుగు, తర్వాత ఏడు. ఆమె చెయ్యి పక్కన ఉందని తెలిస్తే కాలు లేచేది. ఒక్కసారి కూడా ఆమె నన్ను ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. కాని ఆ చెయ్యి లేకుండా నేను ఆ సందులో అడుగు వేసిందీ లేదు.

కిందటి వారం ఆమెకు కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. భీమవరంలో చెల్లెలి ఇంట్లో ఉంది. నెల దాకా రాదని చెప్పారు. మొదటి రోజు నేను సందు దాకా వచ్చి ఆగి, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. రెండో రోజూ అంతే. డాక్టర్ చెప్పిన ఆరు నెలలకు ఇంక పదకొండు రోజులు ఉన్నాయి.

నిన్న పొద్దున వాన తుంపర. సందు దగ్గరికి వచ్చాను. వెంకటేశ్వరరావుగారు వెనక నుంచి వచ్చి నా పక్కన ఆగాడు. "నేను రానాండీ?" అన్నాడు. వద్దని తల ఊపాను. ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆయన వెనక వస్తున్నవాళ్ళు ఆయన్ను దాటలేక వాళ్ళూ ఆగారు. పార్కు మొత్తం ఆగిపోయింది.

పైపు వదిలాను. కుడి కాలు ముందు వేశాను. వణికింది, నిలబడింది. ఎడమ కాలు. మళ్ళీ కుడి. అది ఈడ్చుకుంటూ వచ్చింది గాని వచ్చింది. మళ్ళీ ఎడమ. అవతలి పైపు చేతికి దొరికింది. చల్లగా, వాన నీళ్ళతో.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెంకటేశ్వరరావుగారు ముక్కు తుడుచుకొని, "నడవండి, నడవండి, ఆగకూడదు," అని అందర్నీ అదిలించాడు.

ఈ రోజు బాత్రూంకి నేనే పోయాను. మీ నానమ్మ తలుపు బయట కూర్చొని "పడ్డవా? పడ్డవా?" అని పదిసార్లు అడిగింది. పడలేదు.

చెయ్యి ఇంక రాదేమో. మాట కూడా ఇంతే ఉంటుందేమో. దానికి నాకు బాధ లేదు. పైపు వేసినవాళ్ళెవరో నాకు తెలియదు, గేటు తీసే మట్టయ్య తెలుసు, నా అర్జీ చూడడానికి స్కూటీ మీద వచ్చిన మేడం తెలుసు, రోజూ ఆరింటికి నా కోసం వెనక్కి తిరిగే నలభై మంది తెలుసు. వాళ్ళందరికీ రోజూ దండం పెట్టుకుంటున్నాను, నడుస్తూనే.

ఆ నాలుగు అడుగులు చూడవలసిన మనిషి మాత్రం చూడలేదు. కళ్ళకు ఇబ్బంది కాకూడదని ఆమెకు ఇంకా ఫోనులో ఏమీ చదవొద్దన్నారట. ఆమెకు నేనే చెప్తాను, మీరు ముందే చెప్పెయ్యకండి అని వెంకటేశ్వరరావుగారితో అన్నాను. అందుకే ఇదంతా నీ చేత రాయించాను. సాయంత్రం భీమవరానికి ఫోన్ చేసి, ఫోను ఆమె చెవి దగ్గర పెట్టమని వాళ్ళ చెల్లెలికి చెప్పి, శేషారత్నమ్మగారికి ఇది చదివి వినిపించు బిడ్డా. నువ్వు చదవడంలో తొందర మనిషివి. సందు దగ్గరికి వచ్చాక మాత్రం ఒక్కో అడుగూ నెమ్మదిగా చదువు.