పెళ్ళి కెమెరా ముందు ఆదెమ్మ

కుప్పంలోని రైతు సంఘం ఆఫీసులో చేరిన మూడో నెలకే షైనీ మీద పెద్ద పని పడింది. ఏనుగులు చేలమీద పడితే ఏం చేయాలో చెప్పే వీడియోలు తీయాలి. దానికి ఏ కెమెరా కొనాలో, ఏ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో రాసివ్వమన్నాడు మేనేజరు ప్రకాష్ బాబు.

"నువ్వు రాసిందే ఫైనలమ్మా. సోమవారం ఆర్డర్ పెట్టేస్తాను."

ఇంట్లో మొదటి డిగ్రీ షైనీదే. అయినా ఆమె మాటే ఫైనల్ అన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. మదనపల్లెలో పెళ్ళి వీడియోలు తీసే రఫీక్‌ను అడిగి, అతను చెప్పిన పెద్ద కెమెరా, త్రీడీ సాఫ్ట్‌వేర్ రాసిచ్చేసింది. ఆదివారం పుంగనూరులో ఇంటి దగ్గర రఫీక్ ఇచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏనుగు బొమ్మను నడిపించబోతే నాలుగడుగులకే లాప్‌టాప్ ఆగిపోయింది. తనకే చేతకాలేదేమో అనుకుంది.

సోమవారం రఫీక్ కెమెరానే అడిగి తీసుకుని రామకుప్పం వెళ్ళింది. ఏనుగుల వల్ల రాగిచేను పోగొట్టుకున్న ఆదెమ్మ ఆ కెమెరాను చూడగానే లోపలికి పోయి, పట్టుచీర కట్టుకుని, పౌడరు రాసుకుని వచ్చి నిలబడింది.

"అవ్వా, ఏనుగులు యాడ నుంచి వచ్చినాయో చెప్పు."

ఆదెమ్మ నవ్వు మొహంతో అలాగే నిలబడింది. పెదవి కదలలేదు.

"మాట్లాడవ్వా!"

"పెండ్లి వీడియోలో యాడన్నా మాట్లాడతారా పాపా? నిలబడుకోని పండ్లు కనపడేట్టు నగేదే గదా!"

మూడుసార్లు తీసినా అంతే. షైనీ విసిగిపోయి కెమెరాను సంచిలో పెట్టేసింది. అప్పుడు ఆదెమ్మ అరుగు మీద చతికిలబడి ముగ్గుపిండి తీసుకుంది.

"ఇదో, ఇది అడివి. ఇది మా చేను. ఏనుగు ఈడ నుంచి వచ్చింది. మావోళ్ళు టపాకాయలు కాల్చి ఈ పక్కకి తోలినారు. ఈ పక్క మా ఇండ్లుండాయి గదా, తిక్క నాయాళ్ళు!"

నాలుగు గీతల్లో ఏనుగు వచ్చేసింది. షైనీ ఫోన్‌ను చెంబుకు ఆనించి అంతా రికార్డు చేసింది. ఆ ముగ్గు ఫోటోలనే లాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వేసి చూసింది. ముగ్గు ఏనుగు ఆగకుండా నడిచింది.

వెంటనే ఆర్డర్ సంగతి గుర్తొచ్చి, ప్రకాష్ బాబుకు ఫోన్ చేసింది.

"సార్, ఆర్డర్ పెట్టేసినారా? నేను తప్పు రాసినాను. మనకి ఫోను, కాలరుకు తగిలించే మైకు, ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు సార్."



"నువ్వు ఊర్లోకి పోయి చూసిందాకా ఆగుదామని పెట్టలేదులేమ్మా. మార్చి రాసియ్యి. నువ్వు రాసిందే ఫైనల్."

షైనీ అరుగు మీదే కూర్చుని కొత్త జాబితా రాయడం మొదలుపెట్టింది.

"పాపా, ఇంగ వీడియో తియ్యి. చీర మాసిపోతాండాది."

"అయిపోయిందవ్వా" అంటూ ఫోన్ చూపించింది షైనీ.

"అయ్యో, దీంట్లో నగనే లేదే నేను!"