గోడ మీది చొక్కా ముక్క

వెర్నన్ హాక్ కుడి కనుబొమ మీద నెలవంకలాంటి మచ్చ ఒకటుంది. అలమర తలుపు తగిలిందని భార్య లొరైన్‌తో చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. ఉత్తర పెన్సిల్వేనియా కొండల్లో పుట్టి పెరిగిన ఏ ఆడదీ నమ్మదు. పెద్ద తూటాల రైఫిల్ పేలి వెనక్కి తన్నినప్పుడు, పైనున్న దుర్భిణి అంచు కనుబొమను కొరికితే పడే మచ్చ అది. పాలకేంద్రం దగ్గరా, చర్చి మెట్ల మీదా దాన్ని చూసినవాళ్ళంతా నవ్వాపుకుంటూ పలకరించేవారు. అలాంటి మచ్చ తమకూ ఉన్నవాళ్ళు మాత్రం చూపు పక్కకు తిప్పుకునేవారు.

ఆ రైఫిల్ కొనడం వెనక కథ చాలా చిన్నది, సిగ్గుచేటైనది. కిందటేడు వేట రోజుల్లో లోయ అవతలి గట్టు మీద పెద్ద కొమ్ముల జింక నిలబడింది. వెర్నన్ చేతిలో ఉన్నది వాళ్ళ నాన్న థర్టీ-థర్టీ. పొట్టి తుపాకీ, చిన్న తూటా, చెట్ల మధ్య దగ్గర వేటకు పుట్టింది. అది అంత దూరం పోదు. అతను కాల్చలేదు. జింక నింపాదిగా తోక ఆడిస్తూ వెళ్ళిపోయింది. ఆ పూట భోజనాల దగ్గర బావమరిది డెన్నీ ఊరుకోలేదు.

"అది తుపాకీ కాదు బావా, చేతికర్ర. దానికన్నా రాయి విసిరినా బావుండేది. కనీసం జింక వెనక్కి తిరిగి చూసేది!"

అందరూ నవ్వారు. వెర్నన్ కూడా నవ్వాడు. కానీ ఆ మాట ఇంటికొచ్చినా వదల్లేదు. వసంతం రాగానే నాన్న తుపాకీ పట్టుకెళ్ళి దుకాణంలో ఇచ్చేసి, పైన కొంత కట్టి, పెద్ద తూటాల మాగ్నమ్ రైఫిల్ తెచ్చుకున్నాడు. అది సెకండ్ హ్యాండ్‌ది, అయినా కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. దాంతోపాటు తూటాల డబ్బా కూడా ఇచ్చారు, నాలుగంటే నాలుగే ఖర్చయ్యాయి. పక్కనే అలాంటివే మరో మూడు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఇంత మంచిదాన్ని ముందువాడు ఎందుకమ్మేశాడు?" అని వెర్నన్ అడిగాడు.

"వాళ్ళావిడ పోరు పడలేక," అన్నాడు దుకాణదారు, మొహం తుపాకుల వైపు తిప్పుకుని.

ముందు కొన్నవాడెవడో నాలుగు తూటాలతోనే ఎందుకు ఆపేశాడో వెర్నన్ ఆలోచించలేదు. ఆలోచించినా కొనేవాడే, డెన్నీ మాట అంతగా నాటుకుంది మరి. ఇంటికి తెచ్చాక లొరైన్ దాన్ని ఎత్తి చూసి, "ఈమధ్య జింకలు ఇనప చొక్కాలు తొడుక్కుంటున్నాయా?" అంది. కొట్టం వెనక కాల్చిన మొదటి తూటాకే నెలవంక పడింది. మూడోదానికి భుజం నల్లగా కమిలింది. వెనక్కి ఇచ్చేద్దామని వెళ్ళేసరికి నాన్న తుపాకీని ఒహాయో నుంచి వచ్చినవాడెవడో కొనుక్కుపోయాడు. ఇక చేసేదేముంది? మాగ్నమ్‌ను గొప్పగా భుజానికి తగిలించుకుని తిరగడమే.

వేట విడిది వెర్నన్ నాన్న, ఆయన స్నేహితుడు ఆర్డెల్ కలిసి కట్టింది. ఒకటే గది, ఒక పొయ్యి, గోడలకు ఆనించి మంచాలు. దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళే పెద్ద. ఎవరెక్కడ కాపు కాయాలో, ఏటేటా ఎవర్ని పిలవాలో, ఎవర్ని పిలవకూడదో అంతా ఆ మనిషి నోటి మాటే. నాన్న పోయాక తాళంచెవి ఆర్డెల్ చేతికి వచ్చింది. ఇప్పుడాయనకు ఎనభై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈ ఏడు తాళంచెవి ఇచ్చేస్తానన్నాడు. ఎవరికో చెప్పలేదు. వెర్నన్ పైకి ఎన్నడూ అడగలేదు గానీ, ఆ తాళంచెవి కావాలి అతనికి. జీవితంలో గట్టిగా కోరుకున్నవి రెండు మూడే ఉంటే అందులో అదొకటి.

విడిది గోడ నిండా చొక్కా ముక్కలు మేకులతో కొట్టి ఉంటాయి. జింక మీద కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి అక్కడ బిగించడం ఆచారం. పొయ్యి పక్కన వెలిసిపోయిన నీలం గళ్ళ ముక్క వెర్నన్ నాన్నది, వెర్నన్ పుట్టిన ఏటిది. కొడుకు పుట్టిన సంబరంలో చెయ్యి వణికిందని ఆయన చివరిదాకా చెప్పుకున్నాడు.

వేట మొదలయ్యేది సోమవారం. ఆదివారం మధ్యాహ్నం విడిది వెనక అందరూ గురి సరిచూసుకుంటున్నారు. వెర్నన్ వంతు వచ్చేసరికి మిగతావాళ్ళు చలికి లోపలికి పోయారు. అతను కావాలనే అందాకా ఆగాడు. ఆర్డెల్ ఒక్కడే మొద్దు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇలా ఇవ్వరా, తూటా నేను పెడతాను," అన్నాడు. అటు తిరిగి ఏదో చేసి, రైఫిల్ తిరిగి చేతికిచ్చాడు.

వెర్నన్ రైఫిల్ మడమ భుజానికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది, అంతే. లోపల తూటా లేదు. కానీ అతని కళ్ళు మూసుకుపోయాయి, భుజం ముందుకు తోసుకుంది, గొట్టం కిందికీ కుడికీ వంగిపోయింది. లేని దెబ్బకు ఒళ్ళంతా ముడుచుకుపోయిందని అతనికే తెలిసింది.

"చూశావుగా," అన్నాడు ఆర్డెల్ మెల్లిగా. "పేలకముందే భయపడుతున్నావు. నీ తప్పు కాదురా అది. ఆ దరిద్రం గాడిదలా తంతోంది. రేపటికి నాది తీసుకెళ్ళు. చిన్న తూటా, తన్నదు. మా కోడలు ఏటా దాంతోనే జింకను కొడుతుంది."

ఆ చివరి మాట అనకుండా ఉంటే వెర్నన్ ఒప్పుకునేవాడేమో.

"మీ కోడలి తుపాకీ పట్టుకెళ్తే డెన్నీ నన్ను బతకనిస్తాడా బాబాయ్?"

"నువ్వు తుపాకీ కొన్నది జింక కోసమా, డెన్నీ నోటి కోసమా?"

వెర్నన్ మాగ్నమ్ భుజాన వేసుకుని లోపలికి పోయాడు.

సోమవారం తెల్లవారాక మంచు సన్నగా రాలుతోంది. వెర్నన్ కాపు కాసిన చోటికి ఎనిమిది గంటలప్పుడు మగజింక వచ్చింది. ఎంత దగ్గరగానంటే, నాన్న తుపాకీ ఉంటే కళ్ళు మూసుకుని కొట్టొచ్చు. బీచ్ అనే అడవి చెట్టు కింద తల వంచి, మంచు తవ్వుకుంటూ కాయలు తింటోంది. పక్కకు తిరిగి, భుజమంతా అప్పగించి నిలబడింది. అతను భుజం వెనక గురి పెట్టాడు. రాబోయే తన్ను ఒంటికి ముందే తెలిసింది. కళ్ళు మూసుకుపోయాయి.

కొండలన్నీ దద్దరిల్లాయి. జింక తల విసురుగా పైకి లేచింది. ఒక్కసారి గిర్రున తిరిగి పొదల్లోకి దూసుకుపోయింది.

వెర్నన్ వెళ్ళి చూశాడు. మంచు మీద రక్తం చుక్కలున్నాయి. వాటి మధ్య తెల్లటి ఎముక ముక్క, దానికి అంటుకుని రెండు పళ్ళు. దవడ పోయిన జింక వెంటనే చావదు. తినలేదు, సరిగా నీళ్ళు తాగలేదు, రోజుల తరబడి అలా తిరుగుతుంది.

విడిది కట్టుబాటు ఒకటుంది. రక్తం కనిపిస్తే ఈల ఊదాలి. అందరూ తమ వేట వదిలేసి వచ్చి, ఆ జింక దొరికేదాకా జాడ పట్టాలి. నాన్న పెట్టిన నియమమే అది. వెర్నన్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఊదితే ఏమవుతుందో కళ్ళకు కట్టింది. అందరూ ఆ పళ్ళ చుట్టూ మూగుతారు. డెన్నీ రైఫిల్ వైపోసారి, అతని వైపోసారి చూస్తాడు. ఆర్డెల్ అసలు చూడనే చూడడు. తాళంచెవి ఇంకొకరి జేబులోకి పోతుంది.

ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు. బూటుతో మంచు తోసి రక్తం కప్పేశాడు, పళ్ళ మీద ఇంకాస్త ఎక్కువ తోశాడు. పైనుంచి మంచు కూడా అతనికే సాయం పట్టినట్టు జోరందుకుంది.

పొద్దున్న పేలిన ఆ మోత ఎవరిదో అడగాల్సిన పనే లేదు. అలా ఉరిమేది ఆ కొండల్లో అదొక్కటే. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే ఆర్డెల్ అడిగాడు.

"రక్తం కనిపించిందా?"

"లేదు బాబాయ్. శుభ్రంగా తప్పింది."

ఇక చూడండి సందడి! డెన్నీ కత్తెర పట్టుకుని లేచాడు. స్టష్ అని అందరూ పిలిచే పొలాల ఆసామి వెర్నన్‌ను బల్ల మీదికి వంచి పట్టుకున్నాడు. లొరైన్ కొన్న ఎర్ర గళ్ళ ఉన్ని చొక్కా వెనక అంచు కరకరా తెగింది.

"కొండంత తుపాకీ, గోరంత గురి!" అన్నాడు డెన్నీ. "బావా, ఆ మోతకే జింక నవ్వుకుంటూ పోయుంటుంది!"

వెర్నన్ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఆ ఎగతాళి అతనికి దుప్పటిలా వెచ్చగా ఉంది. దాని కింద ఎంతసేపైనా దాక్కోవచ్చనిపించింది. ముక్కను నాన్న ముక్క పక్కనే కొట్టారు. పంది మాంసం, పులిసిన క్యాబేజీ పళ్ళాల్లోకి వచ్చాయి, బీట్‌రూట్ నీళ్ళలో ఊరిన గుడ్లు వచ్చాయి. ఆర్డెల్ లేచి, చొక్కా లోపలినుంచి తాళంచెవి తీసి వెర్నన్ పళ్ళెం పక్కన పెట్టాడు.

"తప్పినవాడు నవ్వగలిగితే విడిదిని నడపగలడు," అన్నాడు. "మీ నాన్నా ఇలాగే నవ్వాడు."

వెర్నన్ తాళంచెవి తీసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది సంతోషమనుకుని డెన్నీ వీపు తట్టాడు.

మంగళవారం, బుధవారం అతను వేటాడలేదు. కాపు చోటు వదిలేసి ఒక్కడే పొదలన్నీ గాలించాడు. మంచు జాడలన్నీ మింగేసింది. నలుగురూ కలిసి వెతికుంటే మొదటి గంటలోనే దొరికేదని అతనికి తెలుసు, ఆ తెలివి ఇప్పుడెందుకూ కొరగాదనీ తెలుసు. నడిచినప్పుడల్లా జేబులో తాళంచెవి ఈలకు తగిలి చప్పుడు చేసింది.

గురువారం మధ్యాహ్నం విడిదికి తిరిగొచ్చేసరికి దూలానికి ఒక మగజింక వేలాడుతోంది. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. దాని డొక్కలు లోపలికి అతుక్కుపోయాయి. కింది దవడ లేదు. నాలుక నల్లగా ఎండి వేలాడుతోంది.

"ఊట దగ్గర నిలబడి ఉంది," అన్నాడు స్టష్ ఎవరి మొహమూ చూడకుండా. "నీళ్ళలో మూతి పెడుతుంది, తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. ఒక్క చుక్క లోపలికి పోవడం లేదు. నావల్ల కాలేదు. ఆర్డెల్ పెద్దాయనే కాల్చాడు."

డెన్నీ ఏదో అనబోయాడు. వేళాకోళానికి పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు కాబోలు, నోరు మూసుకుని కట్టెలు తేవడానికి పోయాడు. వెర్నన్‌కు జీవితంలో మొదటిసారి డెన్నీ వెక్కిరిస్తే బావుండుననిపించింది.

రాత్రి భోజనాల దగ్గర ఆర్డెల్ సగంలో లేచాడు. మోకాలు పట్టుకుని గోడ దాకా నడిచి, సుత్తి వెనక కొనతో మేకులు పీకాడు. ఎర్ర గళ్ళ ముక్కను దులిపి, నాలుగు మడతలు పెట్టి, తెచ్చి వెర్నన్ పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఇది తీసుకెళ్ళు. లొరైన్ మళ్ళీ కుట్టేస్తుంది."

"బాబాయ్, నేను..."

"గోడ మీద తప్పినవాళ్ళవే ఉంటాయిరా. నువ్వు తప్పలేదు."

వెర్నన్ జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. వద్దని ఎవరైనా అంటారేమోనని ఒక్క క్షణం దాని మీదే వేళ్ళుంచాడు. స్టష్ రొట్టె విరుచుకున్నాడు.

మేకులు ఊడిన చోట గోడ తెల్లగా కనబడుతోంది. దాని పక్కనున్న నీలం ముక్క వైపు వెర్నన్ చూపు పోయింది. ఆర్డెల్ అది గమనించాడు.

"మీ నాన్నది అక్కడే ఉంటుంది," అన్నాడు. "ఆయన నిజంగానే తప్పాడు."