తొమ్మిదిలో మిగలాల్సింది ఒకటే

అందరికీ ఆవిడ అక్కే. తమ్ముడూ ఆమే కలిసి రాసి, పదేళ్లుగా ఊరికే పంచిపెడుతున్న కంప్యూటర్ కోడు ఒకటుంది. ఏ యాప్‌లో పెట్టినా, అందులోని మాటల్ని వాడేవాళ్ల భాషలో చూపిస్తుంది. బంగారంలాంటి పని. కాకపోతే అనువాదాలు రాసుకోవడానికి అందులో తొమ్మిది రకాల ఫైళ్లు పోగయ్యాయి. అడిగినవాళ్లను కాదనలేక ఒక్కొక్కటే చేర్చారు, పాడు మొహమాటం!

చివరికి అది పీకల మీదికొచ్చింది. రిటైరైన టీచరుగారొకరు మూడు రోజులు కూర్చుని ఆరువందల వాక్యాలు తన భాషలోకి మార్చి పంపారు. ఒక్కటీ తెరమీద కనబడలేదు. "నా వల్ల కాదమ్మా, వేరేవాళ్లని చూసుకోండి" అని రాసి ఊరుకున్నారు. ఆ భాషకు ఆవిడ తప్ప దిక్కు లేదు. ఆవిడ రాకపోతే కొత్త వెర్షన్లో ఆ భాషే ఉండదు.

"అంతా నీ చెత్త వల్లేరా" అని అక్క వారం రోజులు తమ్ముణ్ణి ఆడిపోసుకుంది. ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద కాగితం పరిచింది.

"ఏడు పోతాయి, రెండుంటాయి. అంతే!"

పోయే ఏడూ తమ్ముడు రాసినవే. ఎవరు రాసింది వాళ్లే తీయాలన్నది వాళ్లిద్దరి కట్టుబాటు. అలుగుతాడేమో అనుకుంది గానీ, అతను అప్పటికప్పుడే ఏడూ చెరిపేసి, లాప్‌టాప్ ఆమెవైపు తిప్పాడు.

"ఒకటి ఇద్దరం కలిసి రాసింది, సరే. ఈ రెండోది ఎందుకక్కా?"

"అదా... ఎవరో ఒకరు వాడుతూనే ఉంటార్లేరా." అక్క నీళ్లు నమిలింది. అది ఆమె మొట్టమొదట ఒక్కతే రాసిన ఫైలు రకం.

"వాడారు. టీచరుగారు. నిన్న ఆవిడ పంపింది తెరిచి చూశా. నీ రకం ఫైల్లోనే రాశారు. పక్కన ఇంకో రకం ఫైలుంటే నీదాన్ని కోడు చదవనే చదవదు."

అక్కకు తల కొట్టేసినట్టయింది. "ఛ! నిన్ను అన్ని మాటలన్నానేరా."

"అన్నావులే. ఇప్పుడు తియ్యి."

"ముందు ఆవిడ కష్టం బయటికి తీయనీ."

ఆరువందల వాక్యాలూ ఉండాల్సిన ఫైల్లోకి చేర్చింది. టీచరుగారి భాష తెర నిండా పరుచుకుంది. అప్పుడు తను రాసింది తన చేత్తోనే చెరిపేసింది. మనసు చివుక్కుమన్న మాట నిజమే, కానీ చేయి ఆగలేదు. వెంటనే ఫోన్ చేసింది.

"టీచరుగారూ, తప్పు నాదండీ. మీరు రాసినవన్నీ ఇప్పుడు కనబడుతున్నాయి."

"అన్నీనా?"

"అన్నీ. ఇకమీదట ఫైలు కూడా ఒక్కటేనండీ."

"అయితే నలభయ్యో వాక్యం సరిగ్గా కుదర్లేదమ్మా, అప్పట్నించీ మనసులో పీకుతోంది. ఉండు, కళ్లజోడు తెచ్చుకుంటా."