లేని దేశానికి గ్లౌజులు

సుల్తాన్ బీ ఇంటి వెనక రేకుల షెడ్డులో కుట్టు మిషన్లు ఉండేవి. భర్త చనిపోయాక గోదావరిఖని కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టి బతికేది. 1988లో నర్సింగం అనే ఏజెంటు వచ్చి రష్యాకు గ్లౌజులు కావాలన్నాడు. మందపు గుడ్డ, లోపల దూది. కుట్టినవి హైదరాబాదులో ఒక సేటు కొని ఓడ ఎక్కిస్తాడు. రష్యా మనతో రూపాయల్లోనే వ్యాపారం చేస్తుంది కాబట్టి డాలర్ల గొడవ లేదని నర్సింగం చెప్పాడు.

పని పెరిగింది. సుల్తాన్ బీ వాడకట్టు ఆడవాళ్లను పిలిచింది. వాళ్లలో ఐలవ్వ ఒకతి. మొగుడు తాగి తాగి బొగ్గు గనిలో డ్యూటీ పోగొట్టుకుంటే, బియ్యానికి మరిది ఇంటి ముందు నిలబడాల్సి వచ్చేది. మొదట్లో దారం తెంపడం తప్ప ఏమీ రాలేదు. సుల్తాన్ బీ పక్కన కూర్చుని చెయ్యి పట్టి నేర్పింది. ఏడాది తిరిగేసరికి ఐలవ్వ మరిది గడప తొక్కడం మానేసింది.

"గంత చలి ఉంటదా అక్కా, ఆడ?" అని అడిగేది గ్లౌజు తొడుక్కుని.

"ఉమ్మితె గడ్డ కడ్తదట. నువ్వు కుట్టింది తొడుక్కునే బతుకుతరు వాళ్లు," అనేది సుల్తాన్ బీ. ఐలవ్వ మురిసిపోయేది.

1991 ఎండాకాలంలో సేటు రెండింతల సరుకు అడిగాడు. సుల్తాన్ బీ తన బంగారు గాజులు అమ్మి గుడ్డ, దూది తెచ్చింది. చలికాలం వచ్చేసరికి షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. నర్సింగం మాత్రం రాలేదు. డిసెంబరు చివర్లో రేడియోలో చెప్పారు, ఆ దేశం ముక్కలైపోయిందని.

"దేశం లేకుండ పోవుడేందక్కా? చెరువా, ఎండిపోనీకె?" అంది కుట్టేవాళ్లలో ఒకతైన పోశవ్వ. అందరూ నవ్వారు. సుల్తాన్ బీ నవ్వలేదు.

ఐలవ్వను తోడు తీసుకుని రామగుండంలో రైలెక్కి హైదరాబాదు పోయింది. సేటు వాళ్లను కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. గోదాము తలుపు తీసి చూపించాడు. పైకప్పు దాకా మూటలే.

"రూపాయల ఒప్పందం పోయిందమ్మా. ఇప్పుడు కొనేటోడు లేడు, అడిగితే పలికేటోడు లేడు," అన్నాడు.

"మేము కుట్టినమా, లేదా?" అంది ఐలవ్వ.

"కుట్టిన్రు."

"మరి మా తప్పేంది?"

"మీ తప్పేం లేదు. నా తప్పు గూడ లేదు."

"మరెవలిది?"

సేటు చేతులెత్తేశాడు. "నన్నడిగితే ఏం చెప్పాలె? ఢిల్లీల అడుగున్రి. మాస్కోల అడుగున్రి."

తిరిగి వచ్చేటప్పుడు ఐలవ్వ దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. స్టేషన్‌లో దిగాక, "మమ్ముల నువ్వు పిలిచినవక్కా. సేటు పిలువలె," అని ఒక్క మాట అని ముందుకు నడిచింది.

ఆడవాళ్లు కూలికి బదులు గ్లౌజులే మోసుకుపోయారు. రాళ్లు పగిలే ఎండల్లో వాటిని ఎవరు కొంటారు? హోటలు వాళ్లు వేడి గిన్నెలు దించడానికి కొన్ని తీసుకున్నారు. మిగిలినవి ఎలుకలు కొరికాయి. సుల్తాన్ బీ ఒక్కొక్క మిషనూ అమ్మి, అందరికీ ఇవ్వగలిగింది ఇచ్చింది. ఐలవ్వ రోజూ పోయి వచ్చేటట్టు బసంత్‌నగర్ ఫ్యాక్టరీలో, లారీల నుంచి రాలిన సిమెంటు ఊడ్చే పనిలో కుదిరింది.

1994లో నర్సింగం మళ్లీ వచ్చాడు, జీపులో. ఈసారి జర్మనీకి కుట్టాలన్నాడు. "ఇప్పుడు సర్కారు దారులన్నీ తెరిచింది. లోకమంత మన దగ్గరనే కొంటది," అని వాడకట్టులో చెప్పాడు. పేర్లు ఇచ్చినవాళ్లలో మొదటిది ఐలవ్వ.

సుల్తాన్ బీ ఆమె ఇంటికి ఉరికింది. "వద్దు చెల్లె. మల్ల గట్లనే ముంచుతరు."

ఐలవ్వ దగ్గుతూ చీపురు పక్కన పెట్టింది. "ముంచనీ."

"నా మీద కోపం ఇంక పోలేదా?"

"కోపం గాదక్కా. నీ మీద నమ్మకముండె, గందుకే అంత దుఃఖమైంది. నర్సింగం మీద నాకు ఏ నమ్మకమూ లేదు. వాడు ఇడిసిపెట్టి పోయినా ఏడ్వను."

సుల్తాన్ బీ కొంగు సర్దుకుని ఇంటికి తిరిగింది.

ఆ వారంలోనే పక్క వాడకట్టులో మిషన్లు మొదలయ్యాయి. పొద్దున ఆడవాళ్లు సుల్తాన్ బీ గుమ్మం ముందు నుంచే పనికి పోయేవారు. పోశవ్వ ఒక్కతే తల తిప్పి, "బాగున్నవా అక్కా?" అని అడిగేది. జవాబు కోసం ఆగేది కాదు.