పిట్ట ముట్టని విస్తరి

కాకి రాలేదు. లింగంపేట శివారున, వాగు ఒడ్డున విస్తరి పెట్టి గంటన్నర దాటింది. ఎండ మాడు పగలగొడుతోంది. కిష్టయ్య పోయి ఇది మూడో రోజు. పిట్ట ముట్టేదాకా, అంటే కాకి వచ్చి విస్తరి తినేదాకా, చుట్టాలెవరూ మెతుకు ముట్టకూడదు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వడ్డించారు: అన్నం, కోడికూర, క్వార్టర్ సీసా, ఒక బీడీల కట్ట. ఆ కట్ట అతని భార్య నర్సవ్వ చుట్టిందే. ఇరవై రెండేళ్లుగా కిష్టయ్య ఆమె చాటలోంచే రోజుకో కట్ట తీసుకునేవాడు. పాపం, ఊపిరితిత్తులు పాడుచేసుకోవడానికి అతనికి గడప దాటే పని కూడా లేకపోయింది.

"తమ్మునికి ఏదో కోరిక మిగిలింది" అన్నాడు కిష్టయ్య అన్న మల్లన్న. అని, ఖళ్లుఖళ్లున దగ్గాడు.

నర్సవ్వ తల ఎత్తలేదు. పిట్ట రానిది తన అబద్ధం వల్లేనని ఆమె లోలోపల కుమిలిపోతోంది.

కిందటేడు చలికాలంలో శ్రీలత అనే అమ్మాయి ఆరోగ్య సర్వే కాగితాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. బీడీ, మందు అలవాట్లను మనుషులు ఎట్లా మానగలరో తెలుసుకునే పరిశోధన అట. "మీ ఇంట్ల ఎవరన్న బీడీ తాగుతరా అక్కా? ఎవరికన్న దగ్గు ఉన్నదా?" అని అడిగింది. లోపలి అర్రలో కిష్టయ్య తువ్వాల నోట్లో కుక్కుకొని దగ్గు ఆపుకుంటున్నాడు. చుట్టే బీడీలు ఇంట్లోనే తాగుతున్నారని తెలిస్తే, బీడీలు చుట్టేవాళ్లకు సర్కారు ఇచ్చే పింఛను పోతుందని ఆడవాళ్లలో ఒక పుకారు.

"మా ఇంట్ల ఎవ్వలికీ ఏం లేదు చెల్లే" అంది నర్సవ్వ. ఆ పిల్ల నమ్మి, రాసుకొని పోయింది.

దగ్గు ఉందని చెప్పిన పక్కింటి సంతోష్‌కు సర్వేవాళ్లు కామారెడ్డిలో ఛాతీ పరీక్ష చేయించారు. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడారు. అతను బీడీ మానేసి ఇప్పుడు పొలం పనికి పోతున్నాడు. వాళ్ల ఇంట్లో ఎవరి పింఛనూ ఆగలేదు. ఈ సంగతి తెలిసేసరికి కిష్టయ్య మంచం దిగలేని స్థితికి వచ్చాడు.

మల్లన్న విస్తరి మీది కట్ట విప్పి ఒక బీడీ ముట్టించాడు. రెండు దమ్ములు లాగి నర్సవ్వకు అందించాడు. "నీ చేతితోని పెట్టు నర్సవ్వా. పొగ వాసనకన్న వస్తడు."

బతుకంతా చుట్టిందేగాని కాలే బీడీని ఆమె ఏనాడూ పట్టుకోలేదు. ఒక్క క్షణం చూసి, ఇసుకలో గుచ్చి ఆర్పేసింది. కట్టను, సీసాను విస్తరి మీంచి తీసి అవతల పారేసింది.

"నేను పెట్ట. పిట్ట ముట్టకపోయినా సరే, పెట్ట."

"మొగడు పోయి మూడొద్దులు కాలే, గింత పొగరా?" అని ఎవరో అరిచారు. నర్సవ్వ అటు చూడలేదు.

"బావా, నీకు గీ దగ్గు ఎన్ని నెలల సంది ఉన్నది?"

మల్లన్న నోరు తెరిచేలోపే అతని భార్య విమలమ్మ అడ్డుపడింది. ఆమె కూడా బీడీలు చుట్టే మనిషే.

"ఏం దగ్గు? మా ఇంట్ల ఎవ్వలికీ ఏం లేదు."

నర్సవ్వ తోడికోడలి రెండు చేతులూ పట్టుకుంది. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.